అడిగి నడిచిన దారి

సెప్టెంబర్ 4, బుధవారం

పొద్దున వాన, మధ్యాహ్నం వాన, మధ్యలో కాసేపు వానలాంటిదే ఇంకేదో. మా బుధవారం నడకకి ఏడుగురం వెళ్ళాం. బస్టాండు దగ్గర మొదలుపెట్టి, రాళ్ళబాట మీదుగా కొండబీడు ఎక్కి, ఆనకట్ట వైపు దిగాం. బీడంతా ఊదాపూలు ఆఖరికి వచ్చాయి. బురద మాత్రం ఇంకా మొదట్లోనే ఉంది.

ఆనకట్ట మీద అందరూ ఫ్లాస్కులు తీశారు. నేను గోడకి ఆనుకుని అవతలి ఒడ్డు చూశాను. మా ఆవిడ మ్యూరియల్ బూడిద అక్కడే, లార్చ్ చెట్ల కింద, నీటి అంచున చల్లాం. ఇక్కణ్ణుంచి చూస్తే అరచెయ్యంత చోటు. అక్కడికి పోవాలంటే స్లేడ్ ఫారం అడవిలోంచి తప్ప దారి లేదు. ఆ దారికి రెండేళ్ళ కిందట తాళం పడింది.

నార్మన్ హేగ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ వచ్చే మనిషి, ఇవాళ ఖాళీ నోటితో వచ్చాడు.

"తేదీ ఇచ్చారురా లెస్. వచ్చేనెల తొమ్మిది. మెథడిస్టు చర్చి హాల్లో విచారణ. పైనుంచి ఎవరో ఆఫీసరు వచ్చి వింటాడట."

"మంచిదేగా."

"నువ్వు మాట్లాడాలి."

"నేనెందుకు? నీ నోటికి అడ్డమేముంది?"

"ఇరవయ్యేళ్ళు ఆ దారిలో నడిచినవాళ్ళు కావాలి. ఈ జాయిస్సూ వీళ్ళంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు. పాతవాళ్ళం నువ్వూ నేనే మిగిలాం. మిగతావాళ్ళు చర్చి వెనక పడుకున్నారు, వాళ్ళు రారు."

సరేనన్నాను. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది?

సెప్టెంబర్ 8, ఆదివారం

నార్మన్ ఇంటికి రమ్మన్నాడు. జాయిస్ అప్పటికే అక్కడుంది. బిస్కట్లు పళ్ళెంలో వరసగా పేర్చి ఉన్నాయి. నార్మన్ బిస్కట్లు పేర్చాడంటే ఏదో కొంప మునిగే సంగతే అయ్యుండాలి.

సంగతి ఇది. రాసుకుంటే నా తలకైనా ఎక్కుతుందేమో. ఒకరి భూమిలోంచి జనం ఇరవై ఏళ్ళు నడిస్తే ఆ దారి జనానిది అయిపోతుంది. అయితే దొంగచాటుగా నడవకూడదు. గోడలు పడగొట్టి నడవకూడదు. అడిగి కూడా నడవకూడదు. అడిగితే అది హక్కు కాదు, ఆసామి దయ. దయ ఎన్నేళ్ళున్నా దయే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా చట్టం మాత్రం అడిగినవాడికే పెట్టదు.

మేం అడిగాం. అదీ గొడవ.

ప్రతి క్రిస్మస్‌కీ మ్యూరియల్ స్లేడ్ ఫారానికి కేకు పట్టుకెళ్ళేది. ముసలి సెత్ క్రాబ్‌ట్రీ తలుపు సగం తెరిచి, వచ్చినవాళ్ళు పన్నులవాళ్ళేమో అన్నట్టు చూసేవాడు. "సెత్, ఈ ఏడు కూడా మీ అడవిలోంచే పోతాం మరి, సరేనా?" అనేది. "ఊఁ. గొర్రెల్ని బెదరగొట్టకండి," అనేవాడు. కేకు తీసుకుని తలుపేసుకునేవాడు. ఆ ఒక్కమాట అడగడానికి ఆవిడ గంట సేపు జుట్టు దువ్వుకునేది. మా గుంపంతా దాన్ని మ్యూరియల్ సుంకం అని ఏడిపించేవాళ్ళం. ఆవిడ మోకాలు వాచిన ఏడు కేకు మోసుకెళ్ళింది నార్మనే. దారిలో మూల విరుచుకు తిన్నాడని ఏడాదంతా వాణ్ణి దెప్పింది.

సెత్ పోయాడు. కూతురు హేజెల్ ఫారం అమ్మేసింది. కొన్న ఆవిడ తాళం వేసింది.

"కాబట్టి," అన్నాడు నార్మన్, "కేకు లేదు."

"ఏ కేకు?" అన్నాను.

"అద్దీ! అలా చెప్పాలి," అని జాయిస్ చప్పట్లు కొట్టింది.

నేను వేళాకోళానికి అనలేదు. ఏ ఏడు కేకు అని అడిగాను.

నార్మన్ గొంతు తగ్గించాడు. "ఒక్కమాట లెస్. ఎవరినైనా అడిగారా అంటాడు ఆఫీసరు. లేదు అనాలి. అంతే. ఆ ఒక్కమాటతో దారి మనది. పోయినవాళ్ళకి దీనివల్ల వచ్చే నష్టమేం లేదు. అయినా మ్యూరియల్ దగ్గరికి పోవడానికి ఆ దారి కావాల్సింది ఎవరికి? నాకా, జాయిస్‌కా? నీకోసమేగా ఇదంతా!"

అది నిజమే. నాకోసమే.

సెప్టెంబర్ 11

వెళ్ళాం. ఎవరూ కేకు ఊసెత్తలేదు. అందరూ నాతో మరీ మంచిగా మాట్లాడారు. ఆసుపత్రిలో ఉన్నవాడితో మాట్లాడినట్టు.

సెప్టెంబర్ 19

గడ్డం గీసుకుంటూ అద్దంలో చెప్పి చూశాను. "లేదండీ, మేమెవరినీ అడగలేదండీ." బాగానే వచ్చింది. నలభై ఏళ్ళు బస్సు నడిపాను. బ్రేకులు బాగోలేనప్పుడు బాగున్నాయని, ఆలస్యమైనప్పుడు అవలేదని ప్రయాణికులకి ఎన్ని చెప్పలేదు! ఇదెంత?

సెప్టెంబర్ 25, బుధవారం

జాయిస్ నా పక్కనే నడిచింది. నిమ్మకాయ మిఠాయి డబ్బా తెచ్చి మొత్తం నాకే ఇచ్చింది. మొగుడు పోయిన ఈ ఆరేళ్ళలో ఎవరికీ ఏమీ పెట్టని మనిషి.

"నిద్ర పడుతోందా లెస్లీ?"

"గుర్రు పెట్టి."

"కళ్ళు చూస్తే అలా లేవయ్యా. ఏం చూసి భయం? ఉరితీస్తారా?"

"భయమెవరికి?"

"మ్యూరియల్ ఉంటే ఏం చేసేదో అది చెయ్యి," అంది. అని, తను అన్నదేమిటో తనకే తట్టి, బూటు తాడు కట్టుకోవడానికి వంగింది. ఆ బూటుకి తాడు లేదు, జిప్పు.

అక్టోబర్ 3

హేజెల్ క్రాబ్‌ట్రీ అవతలివాళ్ళ తరఫున మాట్లాడుతుందట. నార్మన్ ఫోను చేసి చెప్పాడు. "దానికేం తెలీదురా. పద్దెనిమిదేళ్ళకే ఊరొదిలి పోయింది. తండ్రి చెప్పిన ముక్క ఏదో చెబుతుంది. నువ్వు నిలబడితే చాలు."

నిలబడతాను.

అక్టోబర్ 8

రేపే. సూటు తీశాను. మ్యూరియల్ అంత్యక్రియలకి వేసుకున్నదే, ఇంకోటి లేదు. నడుం దగ్గర వదులైంది.

అబద్ధమే చెబుతాను. మ్యూరియల్ ఉంటే తనే చెప్పమనేది. తప్పకుండా అనేది.

అనేది.

అక్టోబర్ 9, బుధవారం

ముప్ఫై ఏళ్ళలో బుధవారం నడవకపోవడం ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పగలను. ఇవాళ అందరం బురద లేని బూట్లతో హాల్లో కూచున్నాం. ఒకరినొకరు గుర్తుపట్టడం కష్టంగా ఉంది.

ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. ముక్కు మీద కళ్ళజోడు, పక్కన దగ్గు బిళ్ళలు. స్లేడ్ ఫారం కొన్న మిసెస్ వార్డ్‌లా ముందు వరసలో ఒంటరిగా కూచుంది. ఆవిణ్ణి ఇంత దగ్గరగా చూడటం ఇదే. రాక్షసిలా ఉంటుందనుకున్నాను. జలుబు చేసిన మనిషిలా ఉంది. ఆవిడ లాయరు సన్నటివాడు, మెత్తటి గొంతు. అలాంటి గొంతులే భయం.

ముందు హేజెల్. "క్రిస్మస్‌కి ఒకావిడ కేకు తెచ్చేదని నాన్న చెప్పేవాడు. అడవిలోంచి నడవచ్చా అని అడిగేదట. పేరు నాకు తెలీదండి. నేనెప్పుడూ చూళ్ళేదు." చెబుతూ చెబుతూ మా వైపు చూసి తల దించుకుంది. దానికి కూడా ఇది ఇష్టంలేని పనే అని అర్థమైంది.

తరవాత నార్మన్. చక్కగా మాట్లాడాడు. ఏ మలుపులో ఏ చెట్టుందో, వానకి ఏ రాయి జారుతుందో అన్నీ చెప్పాడు. ఆఫీసరు తలూపుతూ రాసుకున్నాడు. గెలిచేశాం అనుకున్నాను.

లాయరు లేచాడు. "హేగ్ గారూ, కేకు తెచ్చిన ఆవిడ మీ గుంపులో మనిషేనా?"

"కాదండి."

"మీ గుంపులో అలాంటి ఆవిడ ఎవరూ లేరంటారా?"

"అలాంటి ఆవిడ ఎవరూ లేరండి."

"గుర్తులేదా, లేరా?"

"లేరు," అన్నాడు నార్మన్. "అలాంటి మనిషే లేదు."

అన్నవాడు మ్యూరియల్ శవపేటిక మోసినవాడు. ఎడమవైపు ముందు నార్మన్, కుడివైపు నేను.

నన్ను పిలిచారు. కుర్చీలో కూచున్నాను. ఎన్నేళ్ళు నడిచారు, ఎంతమంది, ఏ కాలంలో. అన్నీ చెప్పాను. బాగానే చెప్పాను. లాయరు మెత్తగా అడిగాడు, "ఆక్రాయిడ్ గారూ, మీరూ అదే చెబుతారా? కేకు తెచ్చిన మనిషే లేదంటారా?"

లేదు అనడానికే వెళ్ళాను. ఇది నాకోసం రాసుకుంటున్నది కాబట్టి ఇక్కడ గొప్పలు పోవాల్సిన పన్లేదు. సత్యహరిశ్చంద్రుణ్ణేం కాదు. ఎవరినైనా అడిగారా అని ఉంటే లేదనేవాణ్ణి, నార్మన్‌తో పాటు బయటికొచ్చి బీరు తాగేవాణ్ణి. కాని లాయరు అలా అడగలేదు. మనిషే లేదా అని అడిగాడు.

"ఆవిడ నా భార్యండి," అన్నాను. "మ్యూరియల్ ఆక్రాయిడ్. కేకుతోపాటు చీజు కూడా పట్టుకెళ్ళేది. చీజు లేని కేకు, కౌగిలింత లేని ముద్దు అనేది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆఫీసరు కళ్ళజోడు తీశాడు.

"ఎందుకు పట్టుకెళ్ళేవారు?" అన్నాడు లాయరు.

"అడక్కుండా ఒకరి గుమ్మంలోంచి నడవడం ఆవిడకి చేతకాదండి."

"క్రాబ్‌ట్రీ గారు ఏమనేవారు?"

"గొర్రెల్ని బెదరగొట్టకండి అనేవాడు."

"ఇంకేం ప్రశ్నలు లేవు," అన్నాడు లాయరు. చాలా మర్యాదగా అన్నాడు.

బయటికొచ్చేసరికి వాన. అందరూ నార్మన్ కారులో ఎక్కుతున్నారు. నాకు చోటుందా అని నేను అడగలేదు. అడగడమనే అలవాటే లేకపోతే బాగుండేదని ఆ పూట నాకూ అనిపించింది. నడిచి ఇంటికొచ్చాను.

అక్టోబర్ 10

ఫోను మోగలేదు.

అక్టోబర్ 16, బుధవారం

మోకాలు పట్టేసింది. వెళ్ళలేదు.

అక్టోబర్ 23, బుధవారం

మోకాలు.

నిజానికి ఒంటరిగా నడవడంలో ఉన్న సుఖం గుంపులో లేదు. వాళ్ళ వాగుడు ఉండదు. జాయిస్ తుంటి నొప్పి గురించి వినక్కర్లేదు. మోకాలు తగ్గగానే ఒంటరిగా పోతాను.

అక్టోబర్ 30, బుధవారం

ఊరికే తోచక బస్సెక్కాను. పెన్షనర్లకి టిక్కెట్టు లేదు, ఎక్కితే ఏం పోయింది? పై అంతస్తులో ముందు సీటు. బీడు పక్కనుంచి పోయే బస్సు. నా బస్సే ఒకప్పుడు. ఇప్పుడు నడిపే అమ్మాయి మలుపుల్లో మరీ దూకుడు.

పైన గాలిమర దాటాక అనుకోకుండా వాళ్ళు కనిపించారు. ఆరుగురు. నార్మన్ ఎర్రకోటు చివర్న. తలెత్తి బస్సు చూశాడు. నేను సీట్లో కిందికి జారాను. డెబ్భై ఏళ్ళ మనిషి చేసే పనా ఇది!

నవంబర్ 6, బుధవారం

బస్సు. పొగమంచు. ఏమీ కనబడలేదు. చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

నవంబర్ 9

మాంసం కొట్లో నార్మన్ నా ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగాడు, నేను గాజుపలకనైనట్టు నాలోంచి నా వెనక గోడ మీది ధరలు చదివాడు. కొట్టువాడు పాపం ఇద్దరి మధ్యా నలిగాడు.

"నార్మన్ గారూ, మీ ఫ్రెండు లెస్లీ గారు..."

"ఎవరు?" అన్నాడు నార్మన్. "అలాంటి మనిషెవరూ లేరయ్యా."

సాసేజీలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేనేం కొనడానికొచ్చానో గుర్తురాక, అవే కొన్నాను. ఇంట్లో వేయించాక తినబుద్ధి కాలేదు.

నవంబర్ 20, బుధవారం

బస్సు. ఆరుగురూ ఉన్నారు. ఒకడికి కొత్త టోపీ.

నవంబర్ 27, బుధవారం

బస్సు నడిపే అమ్మాయి అడిగింది, "ఎక్కడికి తాతా, ప్రతి వారం?" "చెల్లెలి ఇంటికి," అన్నాను. నాకు చెల్లెల్లేదు. చూశావా, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆ రోజు ఎక్కడ చచ్చింది ఇది?

డిసెంబర్ 12

ఓడిపోయాం. ఆఫీసరు తేల్చేశాడట: ఇరవై ఏళ్ళూ యజమాని అనుమతితో నడిచారు కాబట్టి అది జనం దారి కాదు. కబురు మోసుకొచ్చింది జాయిస్. తలుపు కొట్టింది, లోపలికి రమ్మంటే రాలేదు. గొడుగు కూడా ముడవలేదు.

"గెలిచావయ్యా."

"నేనెక్కడ గెలిచాను జాయిస్?"

"నీ పెళ్ళాం పుణ్యాత్మురాలని ఊరందరికీ తెలిసింది. ఇక దండవేసి పటం పెట్టుకో. నార్మన్ రెండేళ్ళు తిరిగాడు, తెలుసా? చెప్పులరిగేలా తిరిగాడు. నీకోసం. రాత్రి ఏడ్చాడట, వాళ్ళావిడ చెప్పింది."

"వాడు మ్యూరియల్ లేదన్నాడు."

"నోటితో అన్నాడయ్యా! నోటితో అంటే మనిషి పోతుందా? అసలే పోయింది!" అని అరిచింది. తరవాత గొడుగు కింద తనే ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఏడిచే మనిషిని ఏం చెయ్యాలో మ్యూరియల్‌కి తెలుసు, నాకు తెలీదు.

డిసెంబర్ 25, బుధవారం

కొట్లో కేకు కొన్నాను. చీజు కొనలేదు.

బస్సు లేదివాళ.

జనవరి 5, ఆదివారం

మిసెస్ వార్డ్‌లా వచ్చింది. మా ఇంటికి! బూట్లు గుమ్మం బయటే విప్పింది. కూచోమంటే కుర్చీ అంచు మీద కూచుంది.

"ఆక్రాయిడ్ గారూ, మీ భార్యగారి సంగతి నాకు తరవాత తెలిసింది. ఆ చెట్ల కింద... హేజెల్ ఊళ్ళో విని చెప్పింది. ముందే తెలిసుంటే..."

"ముందే తెలిసుంటే తాళం వేసేవారు కాదా?"

"వేసేదాన్ని," అంది. నిజం చెప్పే మనిషే. "నేను ఆ ఇల్లు కొన్నదే ఎవరూ కనబడకూడదని. నాకూ ఒకరు పోయారు. పొద్దున లేచి కిటికీ తీస్తే ఏడెనిమిదిమంది సాండ్‌విచ్చులు తింటూ కనబడితే నావల్ల కాదు. కాని మీరు వేరు. మీరొక్కరూ ఎప్పుడైనా రావచ్చు."

బల్ల మీద తాళంచెవి పెట్టింది. కొత్తది, మెరుస్తోంది.

టీ తాగి వెళ్ళింది. రెండు గంటలకి పైగా కూచుంది. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ వెళ్ళాక ఇల్లు ఇంకా పెద్దదైనట్టుంది.

జనవరి 7

వెళ్ళలేదు. వెళ్ళను. ఒక్కడికోసం తెరిచే గేటు నాకెందుకు?

జనవరి 9

వెళ్ళలేదు. వాన.

జనవరి 13

తాళంచెవి కోటు జేబులో ఉంది. పారేసుకోకుండా ఉండటానికి.

జనవరి 15, బుధవారం

వెళ్ళాను.

గేటు చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. ఆవిడ నూనె రాయించినట్టుంది. అడవిలో మేం నడిచిన జాడే లేదు. రెండేళ్ళకే నాచు కప్పేసింది, ముళ్ళకంప దారి మధ్యకి వచ్చేసింది. మనుషులు నడవకపోతే దారికి ఆయువు ఎంతో తెలిసింది. అయినా కాళ్ళకి గుర్తుంది. జారే రాయి దగ్గర కాలు తనే పక్కకి పడింది.

లార్చ్ ఆకులన్నీ రాలిపోయాయి. నీళ్ళు బాగా నిండి, బూడిద చల్లిన చోటు దాకా వచ్చేశాయి. నిలబడ్డాను. రెండేళ్ళనుంచి ఏమేం చెప్పాలో దాచిపెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. "చలిగా ఉంది," అన్నాను. అదీ గట్టిగా అనలేదు. ఎవరూ లేని చోట గొంతెత్తాలంటే సిగ్గేసింది.

అక్కడ నీళ్ళున్నాయి, చెట్లున్నాయి, అంతే. మ్యూరియల్ లేదు. ఏడుపొచ్చింది. లేనందుకు కాదు, అక్కడ ఉంటుందనుకుని ఇంత చేసినందుకు.

అప్పుడు ఆనకట్ట మీద వాళ్ళు కనబడ్డారు. బుధవారం కదా. నేను బుధవారమే వెళ్ళాను, మంగళవారం వెళ్ళొచ్చు, గురువారం వెళ్ళొచ్చు. అంత దూరం నుంచీ చేతులు తిప్పుతూ మాట్లాడేది జాయిస్ అని తెలిసిపోతోంది. ఎవరో నవ్వారు. నవ్వు నీళ్ళ మీదుగా వచ్చింది. మ్యూరియల్ బతికుంటే ఎక్కడుంటుంది? ఈ చెట్ల కిందా? చచ్చినా ఉండదు. అక్కడుంటుంది. జాయిస్ మాటకి అడ్డం వస్తూ, నార్మన్ ఫ్లాస్కులో పంచదార ఎక్కువైందని తిడుతూ, గాలికి టోపీ పట్టుకుంటూ.

చెయ్యెత్తాను. నవ్వు ఆగిపోయింది. అందరూ ఇటే చూశారు. స్లేడ్ ఫారం అడవిలో, తాళం వెనక, నేనొక్కణ్ణి. వాళ్ళకి ఎలా కనబడి ఉంటుందో నాకు తెలుసు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎర్రకోటు ముందు కదిలింది, మిగతావాళ్ళు దాని వెంట వెళ్ళిపోయారు.

జనవరి 18

స్లేడ్ ఫారానికి వెళ్ళి తలుపు కొట్టాను. మిసెస్ వార్డ్‌లా పూర్తిగానే తెరిచింది.

"ఏడాదికోసారి, ఒక్క బుధవారం," అన్నాను. "మా ఏడుగురం మీ అడవిలోంచి పోతాం. గట్టిగా మాట్లాడం. సరేనా?"

చాలాసేపు ఆలోచించింది. ఊరికే కాదనే మనిషి కాదు. "మీరు రండి," అంది. "వాళ్ళు వద్దు. నన్ను క్షమించండి, నావల్ల కాదు."

తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకని అడిగింది. ఒక్కణ్ణే నడవడానికి ఊళ్ళో దారులు చాలా ఉన్నాయన్నాను. తలుపు మెల్లగా వేసింది. ఆవిడ మీద కోపం రాలేదు. రావాలని చూశాను, రాలేదు.

జనవరి 22, బుధవారం

బస్సెక్కలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. మోకాలు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది.

ఒంటరిగా ఉంది. రాస్తే ఏమవుతుందో అనుకున్నాను. ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

బూట్లు వేసుకుని బస్టాండు దాకా వెళ్ళి, వీధి మలుపులో ఆగి, వెనక్కొచ్చాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ మలుపు దాటాను.

ఆరుగురూ ఉన్నారు. జాయిసే ముందు నోరు తెరిచింది.

"తాళంచెవి ఉన్న దొరగారికి మాతో ఏం పని?"

"ఇచ్చేశాను."

"ఎందుకిచ్చావు?"

"అందరినీ పోనివ్వమని అడిగాను. ఏడాదికోసారి. వద్దంది. ఇచ్చేశాను."

నార్మన్ నా వైపు చూడకుండా, టైమ్‌టేబులు బోర్డుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు, "అడిగాడట. మళ్ళీ అడిగాడట. అడిగే కదా కొంప ముంచింది! ఈ ఆక్రాయిడ్ల వంశానికి అడగడం తప్ప ఇంకో విద్య రాదు కాబోలు."

ఎవరూ నవ్వలేదు. నార్మన్ సంచీ భుజానికెత్తుకుని నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ కదిలారు. రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

వెనకే నడిచాను, కొంచెం ఎడంగా. వాళ్ళాగితే ఆగాను. ఊరు దాటాం, రాళ్ళబాట ఎక్కాం. గాలి ఎదురుగా ఉంది కాబట్టి వాళ్ళ మాటలు నా దాకా వచ్చాయి. జాయిస్ తుంటి గురించి మొత్తం విన్నాను. ఎడమ తుంటి బాగుపడిందట, ఇప్పుడు కుడిది మొదలైందట. కళ్ళు తడిశాయి. గాలికి.

బీడు మొదట్లో గేటుంది. అవతల గొర్రెలు, ఈ నెల ఈనే గొర్రెలు. ఆ గేటు తెరిచి ఉంటే అవి రోడ్డు మీద పడతాయి. అందుకని చివర దాటినవాడు గేటు మూయాలి. మా గుంపులో ఎప్పుడూ చివర నార్మనే, గేటు మూసేది నార్మనే. పట్నంవాళ్ళెవరో తెరిచి వదిలేస్తే అర మైలు వెనక పడి తిట్టి వచ్చిన మనిషి.

ఒక్కొక్కరూ దాటారు. నార్మన్ చివర్న దాటాడు. గేటు మీద చెయ్యి వేశాడు, ఆగాడు, చెయ్యి తీసేసి ముందుకి నడిచాడు. గేటు బార్లా తెరిచే ఉంది.

ఒరేయ్, గేటు, అని అరవబోయాను. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. గొర్రెలు తలలెత్తి చూస్తున్నాయి. నార్మన్ వెనక్కి తిరగలేదు. తిరగకుండానే నడక నెమ్మది చేశాడు.

దాటాను. గేటు మూసి, గడియ వేశాను.